ఎడమ గట్టు

జార్నాక్
జూన్ 9

ప్రియమైన పెరీన్ గారికి,

ఇరవై ఏళ్ళుగా "వదినా, నువ్వు" అన్న నోటితోనే ఇవాళ "గారు" అంటున్నాను. "ప్రియమైన" మాత్రం చెయ్యి అలవాటుగా రాసేసింది. కొట్టెయ్యాలనుకుని వదిలేశాను. దాన్ని పట్టించుకోకండి.

ఫోన్ చెయ్యకండి. మీ నంబరు నా ఫోన్లోకి రాకుండా చేశాను. మీ గొంతు వింటే నా నోటి నుంచి ఏం వస్తుందో నాకే తెలియదు. కాగితమైతే రాసి, చదివి, చింపేసి మళ్ళీ రాసుకోవచ్చు. ఇది నాలుగోది.

ఈ కవర్లో ఒక పేజీ పెట్టాను. గుర్తుపట్టే ఉంటారు. మీ పుస్తకంలో అరవై ఒకటో పేజీ. పదకొండేళ్ళు సెలవులన్నీ సైకిలు మీదే గడిపి, ఒక్కో దారిని మూడేసి సార్లు తొక్కి రాశానని మీరు ఊరంతా చెప్పుకున్న పుస్తకం. ముప్పై నాలుగు దారులు. అందులో పందొమ్మిదోది వెర్దీన్ నది దారి. మీ వాక్యం మీకే రాసి చూపిస్తాను: "మొంతారెల్ వంతెన దగ్గర ఎడమ గట్టు పట్టుకుని ఎగువకు సాగాలి."

మే పద్దెనిమిది, శనివారం. మీ తమ్ముడు, నా భర్త గయెతాన్, ఆ వంతెన దగ్గర ఎడమకి తిరిగి, వంతెన దాటి, క్వారీ టిప్పర్లు తిరిగే రోడ్డెక్కాడు. సైకిళ్ళు రాకూడదన్న బోర్డు హేజెల్ పొద వెనక దాక్కుని ఉంది. రెండో మలుపులో టిప్పరు అతన్ని కొట్టేసింది. తుంటి ఎముక మూడు ముక్కలు, తొడ ఎముక రెండు. నిన్న డాక్టరు చెప్పాడు: కర్ర పట్టుకుని నడుస్తాడట, కానీ ఇక పీపాల దగ్గర నిలబడలేడట. పదహారో ఏట నుంచి ఓక్ చెక్కలు వంచి, ఇనప కట్లు దిగ్గొట్టి పీపాలు చేసినవాడు. ఆ సంగతి విని అతను అన్న మాట ఒక్కటే, "మరి నా సుత్తులు ఎవరికిద్దాం?"

మీ పుస్తకం వాక్యం చూశారుగా. అతను వెళ్ళిన దారి చూశారుగా. రెండూ పక్కపక్కన పెట్టుకుని రాత్రికి నిద్రపొండి.

ఆసుపత్రికి రావద్దు.

క్లోతిల్ద్


అంగులేమ్
జూన్ 14

ప్రియమైన క్లోతిల్ద్,

నీ "గారు" అందింది. తిరిగి "గారు" అనే ఓపిక నాకు లేదు. నువ్వు నాకు నువ్వే. ఎంత కోపం వచ్చినా నువ్వే.

నా తమ్ముడు మంచాన పడితే నన్ను గుమ్మం తొక్కొద్దనడానికి నువ్వెవరు? మొదటి వారం ఆసుపత్రి నడవాలో కుర్చీ మీద కూర్చుని నిద్రపోయిన మనిషిని, ఇప్పుడు కాగితం మీద గెంటేస్తావా? పేజీ చింపి పంపావు. చింపాలంటే పుస్తకం మొత్తం చింపెయ్యాల్సింది. నా పేరు ఉన్నది అట్ట మీద.

ఇక వాక్యం సంగతి. ఒకటికి పదిసార్లు చదివాను. అది తప్పు కాదు. నది ఎటు పారుతుందో అటు ముఖం పెట్టి నిలబడితే ఎడమ చేతికి ఉండేది ఎడమ గట్టు, కుడి చేతికి ఉండేది కుడి గట్టు. మనం ఎగువకి వెళ్తున్నా, దిగువకి వెళ్తున్నా, నిద్రపోతున్నా అది మారదు. మనుషులు తిరిగినట్టల్లా గట్లు తిరగవు. మొంతారెల్ దాకా దారి ఎడమ గట్టు మీదే వస్తుంది. వంతెన ఎక్కకుండా అలాగే పోవాలి. అదే రాశాను. ఈ దేశంలో పటాలన్నీ అలాగే రాస్తాయి. నేను బడిలో పన్నెండేళ్ళ పిల్లలకి అదే చెబుతాను.

గయెతాన్‌కి అది తెలియదంటావా? మా నాన్న నది మీద పడవల లాకు కాపలాదారు అన్న సంగతి నీకు గుర్తు చెయ్యాలా? ఇంటి ముందు నీళ్ళు, ఇంటి వెనక నీళ్ళు. వాడికి కుడి చెయ్యేదో తెలియకముందే కుడి గట్టేదో తెలుసు. చెంచా ఏ చేత్తో పట్టుకోవాలని అమ్మ అడిగితే, "దిగువ ఎటుందో చెప్పు, అప్పుడు చెబుతాను" అన్నవాడు. నాలుగేళ్ళప్పుడు. అలాంటివాడు నలభై రెండేళ్ళ వయసులో "ఎడమ గట్టు" అన్న మాట చదివి ఎడమ చేతికి తిరిగాడా? మా ఊళ్ళో బాతు కూడా తిరగదు.

అందుకే నేను అడుగుతున్నాను. అక్కడ వాడికి ఏం పని? వంతెన దాటి ఆ రోడ్డెందుకు ఎక్కాడు? నీకేదో తెలుసు, నాకు చెప్పడం లేదు. నేను నీ ఉత్తరం చదివింది కోపంతోనే, కానీ అందులో ఒక ఖాళీ కనిపించింది. ఎక్కడో చెప్పలేను. తప్పుగా అనుకుంటున్నానేమో కూడా. నా సంగతి నీకు తెలుసుగా, తలుపు తాళం వేశాక మూడుసార్లు లాగి చూసేదాన్ని.

ఇంకోమాట. ఆ టిప్పరు డ్రైవరుని, ఆ బోర్డు ముందు పొద నరకని క్వారీ వాళ్ళనీ వదిలేసి నా మీద పడ్డావు. నాకు అది అన్నిటికంటే మంటగా ఉంది.

నీ వదిన
పెరీన్


జార్నాక్
జూన్ 20

ప్రియమైన పెరీన్ గారికి,

మీకు ఖాళీ కనిపించిందా! చాలా సంతోషం. పోలీసులు గయెతాన్ మంచం పక్కన కూర్చుని రాసుకున్న కాగితంలో ఖాళీ ఏమీ లేదు. అతను చెప్పింది అక్షరం పొల్లుపోకుండా ఇది: "మా అక్క పుస్తకంలో ఎడమ గట్టు అని ఉంది. తప్పుగా అర్థం చేసుకుని ఎడమకి తిరిగాను." కింద సంతకం కూడా పెట్టాడు. గీతలు గీతలుగా. పడుకుని సంతకం పెట్టడం కష్టం.

ఇప్పుడు మీ తమ్ముడు అబద్ధాలకోరని కూడా రాయండి.

క్వారీ వాళ్ళని నేనేం వదల్లేదు. వాళ్ళ లాయరు ఏమంటున్నాడో వినండి: "ఈయన నదీతీరం మనిషి, ముప్పై ఏళ్ళుగా సైకిలు తొక్కుతున్నాడు, నిషేధం ఉందని తెలిసే దగ్గర దారి అని ఎక్కాడు." అంటే తప్పంతా గయెతాన్‌దే అని రాసేస్తారు. జూలై పదిహేనున జడ్జి ముందుకి వస్తుంది. మా లాయరు అడిగేది ఒక్క కాగితం. మీ వాక్యం కొత్తవాళ్ళని తప్పు దారి పట్టించేలా ఉందని, ఆ పుస్తకం చదివే మీ తమ్ముడు ఆ రోడ్డెక్కాడని మీరు రాసి సంతకం పెట్టాలి. అంతే. అప్పుడతను తెలిసి చేసినవాడు కాదని తేలుతుంది.

కాగితం బయటికొస్తే పుస్తకాన్ని దుకాణాల్లోంచి తీసేస్తారని మీ భయం. తీసేస్తే తీసేస్తారు. అది పుస్తకం. అతనిది తుంటి.

మీరూ, మీ నదులూ, మీ పటాలూ. ఆదివారం భోజనాల దగ్గర మీరందరూ ఒక భాష మాట్లాడుకునేవాళ్ళు, నేను నవ్వుతూ, కంచంలో నత్తల మాంసం చిప్పల్లోంచి పీకుతూ కూర్చునేదాన్ని. ఆ భాష వల్ల ఏమైందో ఇప్పుడు చూస్తున్నాం.

సంతకం పెడతారా, పెట్టరా? ఒక్క ముక్కలో చెప్పండి. బాతుల కథలు వద్దు.

క్లోతిల్ద్


అంగులేమ్
జూలై 1

ప్రియమైన క్లోతిల్ద్,

ఒక్క ముక్కలో చెప్పమన్నావు. నాకు చేతకాదు. చివరికి చెబుతాను, ఓపిక పట్టు.

మొదట ఒప్పుకోవలసింది: నీకు చెప్పకుండా బుధవారం నువ్వు మందుల షాపులో పనిలో ఉన్న వేళ చూసి గయెతాన్ దగ్గరికి వెళ్ళాను. తిట్టుకో. వాడు కిటికీ వైపు తిరిగి పడుకుని ఉన్నాడు. ద్రాక్షపండ్లు తెచ్చావా అన్నాడు. జూన్‌లో ద్రాక్షపండ్లేమిట్రా అన్నాను. "మంచం మీద ఉన్నవాడికి అడిగే హక్కుంటుంది" అన్నాడు. నవ్వాను. ఆ తర్వాత నవ్వినందుకు కోపమొచ్చింది.

"ఒరేయ్, నిజం చెప్పు. నువ్వు తప్పు చదివావా?"

"చదివాను."

"నువ్వా?"

"నేనే. మనుషులు తప్పులు చదవరా అక్కా? వదిలెయ్."

"దిగువ ఎటు రా?" అని అడిగాను, ఉన్నట్టుండి.

వాడు ఆలోచించలేదు. తల కూడా ఎత్తలేదు. చెయ్యి లేచి, గోడ వైపు, సరిగ్గా షరాంత్ నది పారే వైపు చూపించింది. ఆ గదిలోంచి నది కనిపించదు, క్లోతిల్ద్. నాలుగో అంతస్తు, ఎదురుగా కార్లు నిలిపే స్థలం. చెయ్యి ఎత్తాక వాడికి అర్థమైంది నేనెందుకడిగానో. చెయ్యి దుప్పటి కిందికి పోయింది. "మందు మత్తులో ఉన్నాను, ఇంటికి పో" అన్నాడు. ఆ గొంతు నాకు తెలుసు. చిన్నప్పుడు లాకు తలుపు తెరిచి పక్కింటివాళ్ళ పడవ వదిలేసిన రోజున, నాన్న ముందు నిలబడి "నేనే చేశాను" అన్నాడు. ఆ గొంతు అది. ఆ పడవ వదిలింది నేను.

మా తమ్ముడు అబద్ధం చెబుతున్నాడు. ఇది నాకు తెలుసు. ఎందుకో తెలియదు. నా పుస్తకం మీద పెట్టి అబద్ధం ఎందుకు చెబుతున్నాడో అసలే తెలియదు. నడవాలో నిలబడి గోడని తన్నాను. అవును, నలభై ఆరేళ్ళ టీచర్ని, గోడని తన్నాను. వేలు వాచింది.

నిన్న ఆదివారం సైకిలు తీసుకుని మొంతారెల్ వెళ్ళాను. వాచిన వేలితోనే. నా వాక్యం తప్పు కాదని ఒకసారి నాకు నేను రుజువు చేసుకుని, నీకు వెటకారంగా ఉత్తరం రాయాలని. నిజం చెబుతున్నాను, వెటకారం వాక్యాలు కూడా దారిలోనే కూర్చుకున్నాను. వంతెన పక్కన సైకిలు ఆనించి, నా పుస్తకం అరవై ఒకటో పేజీ తెరిచి, ఎగువకి పోయే ప్రతి సైకిలునీ ఆపాను. "ఇది చదివి, ఎటు పోవాలో చెబుతారా?"

వంతెన పక్క ఇంటి ముసలావిడ, లెయొంతీన్ అట, గుమ్మంలో బీన్స్ వలుస్తూ అంతా చూస్తోంది. కాసేపటికి ఆగలేకపోయింది.

"ఏమ్మాయ్, వంతెన కొనేశావా? సుంకం వసూలు చేస్తున్నావా?"

"కాదండీ. ఎడమ గట్టు ఎటో అడుగుతున్నాను."

"ఎడమ గట్టు మీద నిలబడి ఎడమ గట్టు ఎటని అడుగుతున్నావా? ఎండదెబ్బ తగిలిందేమో, లోపలికొచ్చి నీళ్ళు తాగు."

ఒక డచ్చి జంట వచ్చారు. పేజీ చదివి, ఇద్దరూ ఒకేసారి ఎడమ చెయ్యెత్తి వంతెన వైపు చూపించారు. ఒకరి ముఖం ఒకరు చూసుకుని సంతోషించారు కూడా, భార్యాభర్తలు ఒక మాట మీదికి వచ్చినందుకు. తర్వాత లిమోజ్ సైకిలు క్లబ్బు వాళ్ళు ఆరుగురు, ఒకే రంగు జెర్సీలు. వాళ్ళలో వాళ్ళకే పడలేదు.

"ఎడమంటే ఎడమే. ఇందులో చదువెందుకు?"

"దిగువ చూసి నిలబడాలిరా, దద్దమ్మా."

"మనం పోయేది ఎగువకి! వెనక్కి తిరిగి నిలబడి దారి చూసుకుంటూ పోతామా, ఎండ్రకాయల్లాగా?"

"నీ పెళ్ళాం ఏ పక్కన పడుకుంటుందో నీకు తెలియదు, నువ్వు నది సంగతి చెబుతున్నావు."

"తెలుసు. పాదాల వైపు చూసి నిలబడితే ఎడమ పక్కన."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. కానీ ఆ ఆరుగురిలో ముగ్గురు వంతెన ఎక్కి ఉండేవాళ్ళు. సాయంత్రం దాకా మొత్తం ఇరవై ముగ్గుర్ని అడిగాను. పదకొండు మంది వంతెన వైపు చూపించారు. పదకొండు మంది, క్లోతిల్ద్. ఆదివారం కాబట్టి టిప్పర్లు లేవు. శనివారమైతే?

లెయొంతీన్ బీన్స్ గిన్నె పట్టుకుని నా పక్కకొచ్చి నిలబడింది. "ఆ బోర్డు ముందు పొద మూడేళ్ళుగా నరకలేదు. క్వారీవాళ్ళ పని అది. నేను రెండుసార్లు చెప్పాను, ముసలిదాని మాట ఎవడు వింటాడు?" అంది. ఇది మీ లాయరుకి చెప్పు. ఆవిడ జడ్జి ముందుకొచ్చి చెబుతానంది. కొత్త స్కర్టు ఉందట, వేసుకునే సందర్భం రాలేదట.

తిరిగి వచ్చేటప్పుడు ఒక్క వెటకారం వాక్యమూ గుర్తు రాలేదు. నా మీద నాకు అంత కోపం ఎప్పుడూ రాలేదు. పదకొండేళ్ళు తొక్కాను. ప్రతి గుంట, ప్రతి కుక్క, నీళ్ళు దొరికే ప్రతి శ్మశానం కొళాయి రాశాను. కానీ చదివేవాడు ఎటు తిరిగి నిలబడి ఉంటాడో ఒక్కసారైనా అనుకోలేదు. అందరూ లాకు ఇంట్లో పుట్టినట్టు రాశాను. తెలియనివాళ్ళ కోసం రాసిన పుస్తకాన్ని తెలిసినవాళ్ళ భాషలో రాశాను.

గయెతాన్ తప్పు చదవలేదని నాకు ఇప్పటికీ నమ్మకమే. కానీ ఆ పదకొండు మందికి నేనేం చెప్పను? వాళ్ళలో ఒకడు రేపు పడితే?

ఇదుగో నువ్వడిగిన ఒక్క ముక్క: పెడతాను. సోమవారం ఎనిమిదో తారీఖున మీ లాయరు దగ్గరికి వెళ్ళి సంతకం పెడతాను. పుస్తకాన్ని తీసేస్తే తీసెయ్యనీ.

నువ్వు నన్ను ఇప్పటికీ "గారు" అంటావనుకుంటాను. అను.

పెరీన్


జార్నాక్
జూలై 5, పొద్దున

వదినా,

సంతకం పెట్టకు.

ఈ ముక్క ముందు రాశాను, మిగతాది చదివే ఓపిక లేక నువ్వు మడిచి పెట్టేసినా ఇది చేరాలని. ఫోన్ చెయ్యొచ్చు కదా అంటావు. నిన్న మూడుసార్లు నీ నంబరు నొక్కి ఆపేశాను. ఇది నోటితో చెప్పలేను. నా నోటి మీద నాకు నమ్మకం పోయింది. ఎందుకో చదువు.

ఆ శనివారం నీ పుస్తకం గయెతాన్ దగ్గర లేదు. మా వంటింటి బల్ల మీద ఉంది, కాఫీ గిన్నె కింద. బయల్దేరే తొందరలో మర్చిపోయాడు. తొమ్మిదింటికి పది నిమిషాలు తక్కువ ఉండగా ఫోన్ చేశాడు. వెనకాల నీళ్ళ చప్పుడు వినిపిస్తోంది.

"మొంతారెల్ వంతెన దగ్గరున్నాను. అక్క ఏ గట్టున పొమ్మంది?"

గిన్నె తీసి, పేజీ తెరిచి, చదివాను. "ఎడమ గట్టు పట్టుకుని" అని ఉంది. కళ్ళెదురుగా ఉంది. ఉన్నది ఉన్నట్టు చదివి ఉంటే అతను వంతెన ఎక్కేవాడు కాదు.

నేను చదవలేదు. "ఎడమ చేతికి తిరుగు" అన్నాను.

"సరే బంగారం" అన్నాడు.

ఎందుకలా అన్నానో నీకు తెలుసా? నీకు తెలియదు. నువ్వు మర్చిపోయి ఉంటావు, అది నీకు సరదా కాబట్టి. నేను పుట్టిన ఊళ్ళో నది లేదు, కాలువ ఉంది. నీళ్ళు కదలవు. బొగ్గు పడవలు పొద్దున అటు పోతాయి, సాయంత్రం ఇటు వస్తాయి. ఎవరికి ఎడమ, ఎవరికి కుడి? పెళ్ళైన కొత్తలో మీ ఇంట్లో భోజనాల బల్ల దగ్గర అడిగాను, "ఎడమ గట్టంటే ఎటు తిరిగి ఎడమ?" అని. బల్లంతా ఒక్కసారి గొల్లుమంది. మీ నాన్న కళ్ళు తుడుచుకున్నాడు నవ్వి నవ్వి. అక్కడితో అయిపోయి ఉంటే నేనూ నవ్వేదాన్ని. నువ్వు దాన్ని ఇరవై ఏళ్ళు నడిపావు. "ఉప్పు అందుకో మరదలా, నీ కుడి గట్టున ఉంది." "క్లోతిల్ద్‌ని కారు నడపనివ్వకండి, రోడ్డుకి దిగువ ఎటో కనుక్కునేసరికి చీకటి పడుతుంది." నా నలభయ్యో పుట్టినరోజుకి నువ్వు చేతి తొడుగులు ఇచ్చావు. ఒకదాని మీద "ఎడమ గట్టు", ఇంకోదాని మీద "కుడి గట్టు" అని ఎర్ర దారంతో కుట్టించి. నా పిల్లలు కూడా నవ్వారు. నేను వేసుకుని అందరికీ చూపించాను. ఇంటికొచ్చి స్నానాల గదిలో కొళాయి తిప్పి ఏడ్చాను.

అప్పట్నించి ఆ మాట నా నోట రాదు. గట్టు అనే మాట. పటం చూసి చెప్పాల్సి వస్తే చెయ్యి అంటాను, పక్క అంటాను, చర్చి ఉన్న వైపు అంటాను. ఆ రోజు కూడా అంతే. పేజీలో "గట్టు" కనబడగానే భయపడ్డాను. తప్పుగా పలికితే ఫోన్లోంచి నవ్వు వస్తుందని, సాయంత్రం అది నీకు చెబుతాడని, ఆదివారం బల్ల మీద నేను మళ్ళీ వడ్డనకి వస్తానని. అంతా అర నిమిషం కూడా కాదు. నేను ఆ మాటని నాకు వచ్చిన భాషలోకి మార్చి చెప్పాను. సాయం చేశాననుకున్నాను.

పోలీసులు వచ్చినప్పుడు నేను మంచం ఇవతల నిలబడి ఉన్నాను. "ఈ రోడ్డెందుకు ఎక్కావు?" అని వాళ్ళడిగారు. నేను నోరు తెరిచాను. గయెతాన్ నా వైపు చూశాడు. చూస్తూనే అన్నాడు, "మా అక్క పుస్తకం తప్పుగా అర్థం చేసుకున్నాను." ఆ తర్వాత మేమిద్దరం దాని గురించి ఒక్క మాట మాట్లాడుకోలేదు. ఏడు వారాలు. తిన్నావా, నొప్పిగా ఉందా, కిటికీ తియ్యనా. ఒకే ఒక్కసారి నన్ను "ఇంత మాట నువ్వెందుకన్నావు" అని తిట్టి ఉంటే నేను బతికేదాన్ని. తిట్టడు. నా జుట్టు సవరిస్తాడు. నాకు అతని మీద ఎంత కోపంగా ఉందో నీకు చెప్పలేను. తుంటి విరిగినవాడి మీద, తప్పు తన మీద వేసుకున్నవాడి మీద.

కోపం ఎక్కడో ఒకచోట పెట్టాలి కదా. నీ మీద పెట్టాను. పేజీ చింపి నీకు పంపాను. చింపేటప్పుడు నీ వాక్యం తప్పు కాదని నాకు తెలుసు. మూడు రోజులు అదే వాక్యాన్ని చూస్తూ కూర్చున్నాను కదా. నువ్వు సంతకం పెడితే అది నిజమైపోతుందని ఆశపడ్డాను. జడ్జి ముద్ర పడితే నేను కూడా నమ్మొచ్చని. తీరా నువ్వు ఆ వంతెన దగ్గర రోజంతా నిలబడి, నీ తప్పు నువ్వే వెతుక్కుని, "పెడతాను" అని రాశావు. ఆ ఉత్తరం చదివి నేను కౌంటర్ దగ్గర ఎవరికో గుండె మందు బదులు దగ్గు మందు ఇచ్చాను. వాళ్ళే వెనక్కి తెచ్చి ఇచ్చారు.

సోమవారం నేను మా లాయరు దగ్గరికి వెళ్ళి ఉన్నదున్నట్టు చెబుతాను. గయెతాన్‌కి ముందు చెప్పను, చెబితే ఆపుతాడు.

నీ మీద కోపం పోయిందనుకోకు. ఆ తొడుగులు ఇంకా నా దగ్గరున్నాయి.

క్లోతిల్ద్


అంగులేమ్
జూలై 6

ప్రియమైన మరదలికి,

నీ ఉత్తరం ఇవాళ పొద్దున వచ్చింది. సంతకం గురువారమే పెట్టేశాను.

సోమవారం దాకా ఆగలేకపోయాను. ఆగితే మళ్ళీ సందేహం వస్తుంది, మళ్ళీ వంతెన దగ్గరికి పోయి నిలబడతానని భయం. బడి నుంచి సరాసరి మీ లాయరు గదికి వెళ్ళి, భుజాన సంచి కూడా దించకుండా పెట్టాను. అక్కడితో ఊరుకోలేదు, ప్రచురణకర్తకి ఫోన్ చేసి మిగిలిన పుస్తకాలు అమ్మకం ఆపెయ్యమన్నాను. నాకు ఆలోచించడానికి ఏడాది పడుతుంది, పిచ్చి పని చెయ్యడానికి మధ్యాహ్నం చాలు.

నీ ఉత్తరం నిలబడి చదివాను. మొదటిసారి చదివి నిన్ను నోటికొచ్చినట్టు తిట్టాను. గట్టిగానే. పక్కింటాయన గోడ కొట్టాడు. నాలుగు వారాలు నన్ను నేనే తినేసేలా చేశావు. నా తమ్ముడి గది గుమ్మంలోంచి నన్ను గెంటావు. నీ నోట ఉన్న మాటని నా పుస్తకంలో పెట్టావు. ఇవన్నీ నేను అంత తేలిగ్గా మర్చిపోను. చెప్పకుండా దాచుకోవడం నాకు చేతకాదు కాబట్టి చెబుతున్నాను.

రెండోసారి చదివినప్పుడు తొడుగుల దగ్గర ఆగిపోయాను.

నాకు గుర్తుంది. మర్చిపోలేదు. ఆ ఎర్ర దారం నేనే ఎంచాను. దుకాణంలో ఆ అమ్మాయి "ఇదేమిటి మేడమ్?" అని అడిగితే, "మా మరదలికి, ఆవిడకి నది తెలియదు" అన్నాను. ఆ అమ్మాయి నవ్వలేదు. అది కూడా గుర్తుంది. నవ్వనిదానికి హాస్యం తెలియదనుకున్నాను. నీకు బాధ కలుగుతుందని నాకు తెలుసా అని రెండు గంటలుగా నన్ను నేను అడుగుతున్నాను. తెలియదు అని రాయాలని ఉంది. రాయలేకపోతున్నాను. నువ్వు ప్రతిసారీ మిగతావాళ్ళ కంటే ఒక క్షణం ముందు నవ్వేదానివి. ఆ ఒక్క క్షణం నేను చూశాను.

సోమవారం నువ్వొక్కదానివే వెళ్ళొద్దు. ఎనిమిదిన్నరకి మీ వాకిట్లో ఉంటాను. ఈ ఉత్తరం పోస్టులో ఆలస్యం కాకుండా రేపు నేనే వచ్చి మీ పెట్టెలో వేసి పోతాను, తలుపు కొట్టను. మొదట నువ్వు చెప్పు. నా కాగితంలో సగం నిజం, సగం అబద్ధం. పదకొండు మంది తప్పు పోయేవాళ్ళన్నది నిజం, అది ఉండనిస్తాను. పుస్తకం చదివి గయెతాన్ తిరిగాడన్నది అబద్ధం, అది కొట్టేయిస్తాను. ఆ తర్వాత నాకు తెలిసింది నేను చెబుతాను: ఫోన్లో మాట మార్చింది ఈవిడ, ఆ మాట ఈవిడ నోట రాకుండా చేసింది నేను. అలాంటివి రాసుకునే చోటు కోర్టు కాగితాల్లో ఉండదని లాయరు అంటాడు. అననీ. నేను చెబుతాను, ఆయన వింటాడు. లెయొంతీన్ పొద సంగతి చెబుతుంది, కొత్త స్కర్టులో.

అక్కడి నుంచి ఇద్దరం గయెతాన్ దగ్గరికి వెళ్దాం. వాణ్ణి తిట్టాలి. ఈసారి పడవ వదిలింది నేనేనని ముందు చెప్పి, ఆ తర్వాత తిడతాను. వాడి మంచితనంతో ఇంట్లో ఎవరికీ ఊపిరాడటం లేదు. నీకు మాట రాకపోతే నేను మొదలుపెడతాను, నువ్వు అందుకో.

పుస్తకం మళ్ళీ రాస్తాను. ముప్పై నాలుగు దారులూ. నేను ఒక్కదాన్నే రాస్తే మళ్ళీ లాకు ఇంటి పిల్లలాగే రాస్తాను, నాకు తెలుసు. అందుకని ఇలా చేద్దాం. నేను సైకిలు మీద ప్రతి వంతెన దగ్గరా ఆగి నీకు ఫోన్ చేస్తాను. నువ్వు నీ వంటింటి బల్ల దగ్గర కూర్చుని నా కొత్త వాక్యం చదివి, నీకు ఎలా అర్థమైతే అలా, నీ నోటికి వచ్చిన మాటలో ఎటు తిరగాలో చెప్పు. చెయ్యి అను, చర్చి వైపు అను, నీ ఇష్టం. నువ్వు ఎటు తిరగమంటే అటే తిరుగుతాను. అది దారి కాదని తెలిసినా తిరుగుతాను. చివరిదాకా పోయి, దారి తప్పానని తేలితే, ఆ వాక్యం కొట్టేసి మళ్ళీ రాస్తాను.

దారి తప్పి వెనక్కి తొక్కేటప్పుడు తిట్లు వినిపిస్తాయి. ఫోన్ పెట్టెయ్యకు. అవి నీకు కాదు.

నీ వదిన
పెరీన్